ఏడ్చే అబ్బాయి, నవ్వే అమ్మాయి

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. ఎవరు పుట్టించారో గాని మహా గడుసువాళ్లు. ఒక్క ముక్కతో ఇద్దరి నోళ్లూ నొక్కేశారు. ఆడది నవ్వకూడదు, మగాడు ఏడవకూడదు. మిగిలింది చెరోటీ పంచుకున్నారు కాబోలు, ఏడుపు ఆడవాళ్ల వాటాకీ కోపం మగవాళ్ల వాటాకీ వచ్చాయి. ఆస్తుల పంపకంలో మనకి దక్కిందెంతో, ఎగ్గొట్టిందెంతో ఆ గొడవ వేరు. ఈ పంపకంలో మాత్రం ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే మన వాటా మనకి అణాపైసలతో సహా ముట్టింది!

పరీక్షల రోజుల్లో ఏ యూనివర్సిటీ హాస్టలుకైనా వెళ్లి చూడండి. ఈ పంపకం ఎంత పకడ్బందీగా అమలవుతోందో తెలుస్తుంది. ఆడపిల్లల హాస్టల్లో ఒకమ్మాయి ఏడుస్తోందంటే నలుగురు చుట్టూ చేరి ఉంటారు. ఒకమ్మాయి తల నిమురుతుంది. ఒకమ్మాయి మంచినీళ్లు తెస్తుంది. ఒకమ్మాయి ఓదార్చడానికని వచ్చి తనూ ఏడుపందుకుంటుంది. ఇంకొకమ్మాయి పుస్తకం మూసేసి బీరువాలో బట్టలన్నీ కిందకి లాగి మళ్లీ మడతలు పెడుతూంటుంది. రేపు పరీక్ష పెట్టుకుని ఇప్పుడీ సర్దుడేమిటే అంటే ఏం చెబుతుంది? ఆమెకి మాత్రం తెలుసా? అన్నం సగంలో వదిలేసేవాళ్లు, తలనొప్పికి మాత్ర మింగేవాళ్లు, నెలసరి తప్పితే పరీక్ష బెంగకి తోడు ఆ బెంగ కూడా పెట్టుకునేవాళ్లు. రాత్రి అమ్మకి ఫోను. గంటన్నర.

మగపిల్లల హాస్టల్లో ఇవేవీ కనబడవు. గేటు బయట టీ బండి దగ్గర జనం రెట్టింపవుతారు. సిగరెట్ల కొట్టువాడికి బేరం పెరుగుతుంది. సాంబారు నీళ్లలా ఉందని మెస్సులో వడ్డించేవాడి మీద గయ్యిమంటాడొకడు. నెల రోజులుగా ఆ సాంబారు అలాగే ఉంది, ఇవాళే పల్చబడలేదు. ఒకడు మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకుంటాడు. ఒకడు తెల్లవార్లూ సెల్‌ఫోన్లో ఆట ఆడతాడు. వాడూ ఇంటికి ఫోన్ చేస్తాడు లెండి. "ఆఁ... ఊఁ... బానే ఉన్నా. డబ్బులు వెయ్యి. ఉంటా." నలభై సెకన్లు.

ఈ రెండు ఫోన్లూ అందుకున్న తల్లి ఏమనుకుంటుంది? "అమ్మాయి మరీ సున్నితం, ప్రతిదానికీ బెంబేలు పడిపోతుంది. అబ్బాయి నయం, నిబ్బరం గలవాడు" అనుకుంటుంది. తండ్రి కూడా అదే అనుకుంటాడు. చివరికి ఆ పిల్లలు కూడా తమ గురించి తాము అదే అనుకోవడం మొదలుపెడతారు.

నాకు పేచీ ఇక్కడే. ఒక మనిషి కష్టం ఎంతో, అది పైకి ఎంత కనబడుతోందో దాన్నిబట్టి లెక్క కట్టడం న్యాయమేనా? వంటింట్లో మనం అలా లెక్క కట్టం కదా! కుక్కరు కూత వేస్తూంటే నిశ్చింతగా పక్కగదిలో పని చూసుకుంటాం. ఎంతసేపటికీ కూత రాకపోతే గుండె గుబేలుమంటుంది, పరుగెత్తుకెళ్లి స్టవ్ ఆర్పేస్తాం. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఏ అటకెక్కుతుందో తెలియదు.

ఈ 'స్ట్రెస్' సంగతి శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైబడి తవ్వుతున్నారు. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే ఆయన పిల్లుల ముందు కుక్కల్ని మొరిగించి, వాటి ఒంట్లో ఏం జరుగుతోందో చూశాడు. 1915లో పుస్తకం రాశాడు. ప్రమాదం ఎదురైతే ప్రాణి తిరగబడడానికో, పారిపోవడానికో సిద్ధమవుతుందని ఆయన సిద్ధాంతం. 1936లో మాంట్రియల్ నుంచి హన్స్ సెల్యే ఎలుకల మీద తన ప్రయోగాలతో ఇంకొంత ముందుకి తీసుకెళ్లాడు. పిల్లులయ్యాయి, ఎలుకలయ్యాయి, తర్వాత మనుషుల వంతు వచ్చింది. మనుషులంటే ఎవరనుకున్నారు? ఎక్కువగా మగవాళ్లు! 1995కి ముందు ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందని జరిగిన ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో ఆడవాళ్లు నూటికి 17 మందేనట. ఆడవాళ్ల ఒంట్లో నెలనెలా మారే హార్మోన్లతో లెక్కలు తికమకవుతాయని వదిలేశారు. బాగుంది కదూ! సగం లోకాన్ని లెక్క చిక్కుగా ఉందని పక్కన పెట్టి, మిగతా సగం చేసినదాన్ని 'మానవ స్వభావం' అన్నారు.

ఈ లెక్కని బయటపెట్టినవాళ్లు లాస్ ఏంజిలిస్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన షెల్లీ టేలర్, ఆవిడ సహచరులు. 2000 సంవత్సరంలో వాళ్లొక ప్రతిపాదన చేశారు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఎక్కడికని పారిపోతుంది? ఎవరి మీద తిరగబడుతుంది? బిడ్డని దగ్గరికి తీసుకుంటుంది, ఇరుగుపొరుగుని కూడగట్టుకుంటుంది. ఆక్సిటోసిన్ అనే హార్మోను ఇందుకు తోడ్పడుతుంది. ఒత్తిడిలో ఆడవాళ్లది ఎక్కువగా ఈ దారి అని వాళ్లన్నారు. అది ప్రతిపాదన మాత్రమే, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నేను మా పక్కింటావిడకి చెబితే "దీనికి అంత పరిశోధనెందుకండీ, మునిసిపాలిటీ పంపు దగ్గర ఒక్కపూట నిలబడితే తెలిసేదిగా!" అంది.

అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జర్మనీలోని ట్రియర్ అనే ఊళ్లో 1993లో తయారైన పరీక్ష. ఒక మనిషిని తీసుకొచ్చి, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చున్న కొందరి ముందు నిలబెడతారు. ఫలానా ఉద్యోగానికి నువ్వెందుకు తగినవాడివో ఐదు నిమిషాలు మాట్లాడమంటారు. తర్వాత 1022లోంచి పదమూడేసి తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు. తప్పితే మళ్లీ మొదటికి. ఎదుటివాళ్లు నవ్వరు, తలూపరు, గుడ్లప్పగించి చూస్తారు. (మన పెళ్లిచూపుల్లో ఉప్మా, జీడిపప్పూ అయినా ఉండేవి!) ఆ తర్వాత ఉమ్మిలో కార్టిసాల్ అనే హార్మోను ఎంత పెరిగిందో కొలుస్తారు. ఇలాంటి ప్రయోగాల్లో తరచుగా తేలేదేమిటంటే, కార్టిసాల్ మగవాళ్లలోనే ఎక్కువ పెరుగుతుంది. "నాకు చాలా కష్టంగా ఉంది" అని ఎక్కువ చెప్పేది మాత్రం ఆడవాళ్లు. ఆడవాళ్ల విషయంలో నెలలో ఏ రోజులన్నదాన్నిబట్టి, వాడే మాత్రల్నిబట్టి ఈ కొలత మారుతుందనుకోండి. పైగా కార్టిసాల్ ఒక్కటే కష్టానికి తూనికరాయీ కాదు. అయినా ఆ నలభై సెకన్ల ఫోను గుర్తుకి రాక మానుతుందా? ఒళ్లు ఒకటి చెబుతోంది, నోరు "బానే ఉన్నా" అంటోంది.

2002లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ నుంచి ఇంకొక ప్రయోగం గురించి రాశారు. కొందరికి లెక్కలూ, బట్టీపట్టి అప్పగించడమూ పెట్టారు. మరికొందరిని ఇద్దరితో కబుర్లకి కూర్చోబెట్టి, ఆ ఇద్దరూ మెల్లమెల్లగా వీళ్లని మాటల్లోంచి వెలివేసేటట్టు ఏర్పాటు చేశారు. చదువు పరీక్షకి మగవాళ్ల కార్టిసాల్ ఎక్కువ పెరిగితే, వెలి పరీక్షకి ఆడవాళ్లది ఎక్కువ పెరిగింది. దీన్ని చదివి "చూశారా, ఆడవాళ్లకి చదువు పట్టదు, నలుగురిలో మాటే పట్టింపు" అనేవాళ్లు అంటారు. నాకలా అనిపించలేదు. ఎవరి పరువు ఎక్కడ దాచారో అక్కడ తగిలినప్పుడే నొప్పి. మగపిల్లాడి పరువు చిన్నప్పటినుంచీ మార్కుల్లో, ఉద్యోగంలో దాచారు. ఆడపిల్ల పరువు "మంచిపిల్ల" అనిపించుకోవడంలో దాచారు. ఇవాళ యూనివర్సిటీకి వచ్చిన మన అమ్మాయికి రెండుచోట్లా దాచాం. సెమిస్టరు తప్పితే చదువు పోయిందన్న దిగులొకటి, "ఇక చదివింది చాలు, సంబంధాలు చూద్దాం" అంటారేమోనన్న భయమొకటి. అబ్బాయి తప్పితే సప్లిమెంటరీ రాస్తాడు. అమ్మాయి తప్పితే ఒక్కొక్క ఇంట్లో పెళ్లికొడుకుల ఫొటోలు బయటికొస్తాయి. ఇద్దరూ రాసింది ఒకటే పేపరని ఎలా అనగలం?

చెప్పుకోవడం మంచిదే, ఏడ్చేస్తే గుండె బరువు దిగిపోతుందని మనందరి నమ్మకం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. సూసన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థుల దిగులు గురించి ప్రశ్నలు వేసి జవాబులు రాసుకున్న రెండు వారాలకి, 1989 అక్టోబరులో, అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆవిడ మళ్లీ వెళ్లి అదే విద్యార్థుల్ని పలకరించింది. దిగులుని నెమరువేసుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లు ఏడు వారాల తర్వాత కూడా తేరుకోలేదు. ఈ నెమరువేత ఆడవాళ్లలో ఎక్కువనీ, మగవాళ్లు ఏదో ఒక పనిలో పడి మనసు మళ్లించుకుంటారనీ ఆవిడ రాసింది.

నిజమే కావచ్చు. కానీ మనసు మళ్లించుకోవాలంటే మళ్లించుకోవడానికి చోటుండాలి కదండీ! రాత్రి పదింటికి బుర్ర వేడెక్కితే అబ్బాయి చెప్పులేసుకుని టీ బండి దాకా నడిచి వస్తాడు. ఆ నడకలోనే సగం దిగిపోతుంది. అమ్మాయి ఎక్కడికి నడుస్తుంది? గేటు ఏడున్నరకో ఎనిమిదింటికో తాళం పడుతుంది. వరండాలో ఈ చివరి బకెట్ల నుంచి ఆ చివరి బకెట్ల దాకా నడవాలి. ఎదురయ్యే మొహాలన్నీ తనలాగే పాలిపోయినవే. ఈ తాళాల మీదే 2015లో ఢిల్లీ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని, పంజరం బద్దలు కొట్టమని, వీధికెక్కారు. అల్లరి పిల్లలన్నారు వాళ్లని. ఆడవాళ్ల మనస్తత్వం అని పుస్తకాల్లో రాసుకున్నదాంట్లో వార్డెను గారి తాళంచెవి పాలెంతో ఎవరైనా లెక్క తీస్తే చదవాలని ఉంది నాకు.

ఆ మధ్య ఒక కాలేజీవాళ్లు విద్యార్థుల కథల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. అరవై పైచిలుకు కథలు. అమ్మాయిల కథల్లో కన్నీళ్లకి కొదవ లేదు. 'నేను' అని మొదలుపెట్టి, తన బాధ తనదేనని చెప్పుకున్నారు. అబ్బాయిల కథల్లో తమాషా ఏమిటంటే, ఎవరి కథలోనూ కథానాయకుడికి ఏ బాధా లేదు. అతని స్నేహితుడికి మాత్రం ఉంటుంది! స్నేహితుడు చదవలేకపోతాడు, స్నేహితుడికి నిద్ర పట్టదు, స్నేహితుడు ఇంటికి మొహం చూపించలేకపోతాడు. కథానాయకుడు పక్కనుండి చూస్తూంటాడు. బహుమతి ఇచ్చాక ఒకబ్బాయిని "మీ స్నేహితుడు ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "కొంచెం పర్లేదు మేడమ్" అన్నాడు. నేనూ ఇంకేమీ అడగలేదు. "అతన్ని అడిగానని చెప్పండి" అన్నాను. "చెప్తాను మేడమ్" అన్నాడు.

ఇదంతా మన సంప్రదాయం అంటారు కొందరు, మగాడు ఏడవకపోవడం మన రక్తంలోనే ఉందన్నట్టు. ఏ సంప్రదాయం? వాల్మీకి రాముడు సీత కనబడకపోతే చెట్టునీ పుట్టనీ అడుగుతూ బాహాటంగా ఏడ్చాడు, తమ్ముడు ఓదార్చాడు. ఎవరూ ఆయన్ని మగాడు కాదనలేదు. ఇక కురుక్షేత్రంలో అర్జునుడి సంగతి చూడండి. నోరెండిపోయింది, ఒళ్లు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, విల్లు చేతిలోంచి జారింది. ఇవాళ వైవా గది బయట నిలబడ్డ కుర్రాణ్ణి డాక్టరు పరీక్ష చేసినా ఇవే రాస్తాడు. అర్జునుడు అవన్నీ పైకి చెప్పుకున్నాడు, ఎదురుగా స్నేహితుడున్నాడు కనుక. ఆ స్నేహితుడు కూడా మొదట అన్నదేమిటి? ఈ పేడితనం నీకు తగదు, లేవమన్నాడు! కృష్ణుడంతటివాడికే నోటికొచ్చిన మొదటి మాట అది. కాకపోతే ఆయన అక్కడితో ఆపలేదు. రెండు సైన్యాలూ నిలబడి చూస్తూంటే, రథం ఆపుకుని, అర్జునుడు అడిగినవాటికల్లా జవాబు చెబుతూ కూర్చున్నాడు. మనలో చాలామంది ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. ద్రౌపదీ అంతే. నిండు సభలో, అంతటి అవమానంలో, ముందు తనని తాను ఓడాడా నన్ను ఓడాడా అని న్యాయం అడిగింది. ఏడుపు మాత్రమే ఆడదాని వాటా అని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. ఆ ప్రశ్నకి సభలో పెద్దలు తిన్నగా జవాబు చెప్పలేకపోయారన్నది వేరే సంగతి.

వేరే సంగతి అన్నాను గాని, అసలు సంగతి అదేనేమో!

మన దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మందని ప్రభుత్వ లెక్క. నూటికి 72 మంది దాకా మగవాళ్లు. ఇది చూసినప్పుడు, చెప్పుకోలేకపోవడం మగవాళ్లని తినేస్తోందనీ, చెప్పుకోవడం ఆడవాళ్లని కాపాడుతోందనీ అనిపిస్తుంది. అయితే అందులో విద్యార్థుల లెక్క విడిగా చూడండి. 13 వేలు దాటిన ఆ పిల్లల్లో అబ్బాయిలు నూటికి 53 మంది. అంటే అమ్మాయిలు దాదాపు సగం. పైగా అంతకుముందు ఏడాదితో పోలిస్తే అబ్బాయిల సంఖ్య తగ్గింది, అమ్మాయిల సంఖ్య పెరిగింది. ఒక్కొక్క అంకె వెనకా ఒక్కొక్క ఇల్లుంది. కారణాలు కూడా ఒక్కటై ఉండవు, ఒక్క ముక్కలో తేల్చే హక్కు నాకు లేదు. కానీ గంటన్నర ఫోన్ మాట్లాడే పిల్లకేం, అంతా చెప్పేసుకుంటుందిలే అనుకునే తల్లులకి ఈ అంకె చూపించాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆడపిల్ల ఏడుపుకి మనం అలవాటు పడిపోయాం. వానాకాలంలో వాన లాంటిది మనకది. "ఏడిస్తే అదే తగ్గుతుంది", "పడుకో, పొద్దున్నకి సర్దుకుంటుంది", "నీకు ప్రతిదీ పెద్దదేనే!" ఈ మూడు మాటలూ ఆడపిల్లకి ఎన్నిసార్లు చెప్పి ఉంటామో! ఆమె చెబుతుంది, మనం వింటాం, దేన్నీ మార్చం. ఎమ్మెస్సీ మానేసి వేరేది చదువుతానంటుంది, ప్రొఫెసరు ప్రవర్తన బాగాలేదంటుంది, రూము మారతానంటుంది. అవన్నీ ఏడుస్తూ చెబుతుంది కనుక చెప్పిన సంగతి గాలికి పోతుంది, ఏడుపొక్కటే మనకి గుర్తుంటుంది. అబ్బాయి చెప్పనే చెప్పడు కనుక వాడిది వినబడదు. అమ్మాయి చెప్పినా వినబడదు. ఒకే తూనికరాయి తీసుకుని ఇద్దరికీ తప్పుడు తూకమే వేస్తున్నాం.

ఇప్పుడు 14416 అని ఒక ఫోన్ నంబరుంది. 'టెలీ మానస్' అంటారు. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, పేరు తెలిసినవాళ్లెవరూ అవతల ఉండరు. కొందరికి ఆ తెలియకపోవడమే ధైర్యమిస్తుంది. ఇంట్లో చెప్పుకోలేనిది రైల్లో పక్కసీటువాళ్లకి చెప్పేస్తాం చూడండి, అలాగ. నంబరు కాగితం మీద రాసి పిల్లల పెట్టెలో పచ్చళ్ల సీసాల పక్కన పడేయడానికి పెద్ద ఖర్చేం కాదు. ఊరగాయలకి ఇచ్చే జాగాలో అంగుళం చాలు.

కానీ మనకి తెలిసిన పిల్లలతో మనం మాట్లాడాల్సింది అలాగే మిగిలి ఉంటుంది. మగపిల్లల్ని తిన్నగా "నీకేమైనా బాధగా ఉందిట్రా?" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబొస్తుంది, తలుపు మూసుకుంటుంది. నాకు తెలిసినావిడ ఒకరు, ప్రైమరీ స్కూల్లో టీచరు, కొడుకు కాకినాడలో ఇంజనీరింగు. ఆవిడ ఎప్పుడూ ఆ ప్రశ్న వెయ్యదు. "ఏం తిన్నావురా?" అని అడుగుతుంది, అంతే. వాడు "ఉప్మా" అంటాడు. "ఎలా ఉంది?" అంటుంది. ఇదేం సంభాషణ అని భర్త విసుక్కునేవాడట. మూడో ఏడు నవంబరులో ఒకరోజు "ఎలా ఉంది?" అంటే, వాడు ఆ ఉప్మాలో ఉండల గురించి, మాడిన పోపు గురించి, కరివేపాకు వెయ్యకపోవడం గురించి పది నిమిషాలు తిట్టాడట. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా వింది. ఉప్మా అయిపోయాక కాసేపు ఏమీ వినబడలేదు. ఫోన్ కట్టయిందేమోనని చూసుకుందట, కట్టవలేదు.

"అమ్మా, నాలుగు సబ్జెక్టులు పోయాయి" అన్నాడు.

ఆవిడ "సరే. నేను లైన్లోనే ఉన్నాను, చెప్పు" అందట. ఆ రోజు ఎంతసేపు మాట్లాడాడని అడిగాను. చూసుకోలేదంది. పెరట్లో నించుని మాట్లాడుతోందట, లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, భర్త లేచి స్టవ్ కట్టేశాడు. వాడి చెల్లెలు గుమ్మంలో నిలబడి అంతా విని, అమ్మ ఫోను పెట్టేశాక అడిగిందట: "నేను నెల కిందట చెప్పానుగా, నాకూ లెక్కలు అర్థం కావడంలేదని. అప్పుడు ఇంతసేపు మాట్లాడలేదేం?"